రూపాంతరిత కార్బన్ నానోపదార్థాల ఉపరితల రసాయన విశ్లేషణ: బ్రోడీ నుండి 'ఆక్సీకరణ శకలాల' వివాదం వరకు (1859-2015)

వ్యాససంగ్రహం

కార్బన్ నానోపదార్థాల ఉపరితలాన్ని ఆక్సీకారులతో మార్చినప్పుడు దానిపై ఏ సమూహాలు, ఎంత పరిమాణంలో, ఏ స్థానాలలో ఏర్పడతాయన్నది రసాయనశాస్త్రంలో చాలాకాలంగా వాదోపవాదాలకు లోనైన ప్రశ్న. 1859లో బెంజమిన్ బ్రోడీ తయారుచేసిన గ్రాఫైట్ ఆక్సైడ్ మొదలుకొని, 2015 వరకు సాగిన 'ఆక్సీకరణ శకలాల' వివాదం దాకా ఈ ప్రశ్న నడిచిన తీరును ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పరికరాల సున్నితత్వం పెరిగినంత మాత్రాన పొరపాట్లు తొలగలేదు. పరీక్షనాళికలో ఉన్నదంతా ఒకే పదార్థమని ముందుగానే భావించడం వల్ల ప్రధానమైన పొరపాట్లు జరిగాయి. వాటిని బయటపెట్టడంలో కడగడం, వేరుచేయడం వంటి సాధారణ ప్రయోగశాల చర్యలు కీలకపాత్ర వహించాయి. ఇదే ఈ వ్యాస ప్రతిపాదన.

కీలక పదాలు: గ్రాఫైట్ ఆక్సైడ్, గ్రాఫీన్ ఆక్సైడ్, కార్బన్ నానోనాళికలు, ప్రమేయ సమూహాలు, బోహ్మ్ అంశమాపనం, ఫోటోఎలక్ట్రాన్ వర్ణపటశాస్త్రం, రామన్ వర్ణపటం, ఆక్సీకరణ శకలాలు.

1. ప్రవేశిక

సాధారణ ఘనపదార్థంలో అత్యధిక పరమాణువులు లోపలే ఉంటాయి. ఉపరితలంపై ఉన్నవి మొత్తంలో స్వల్పభాగం మాత్రమే. ఒంటిగోడ కార్బన్ నానోనాళికలోను, ఒంటిపొర గ్రాఫీన్‌లోను ఈ నిష్పత్తి తలకిందులవుతుంది. వాటిలో ఉపరితలంపై లేని పరమాణువే ఉండదు. ఒక గ్రాము గ్రాఫీన్ సైద్ధాంతిక ఉపరితల వైశాల్యం సుమారు 2630 చదరపు మీటర్లు. కాబట్టి ఇటువంటి పదార్థం విషయంలో ఉపరితల రసాయనశాస్త్రమంటే దాని మొత్తం రసాయనశాస్త్రమనే చెప్పవలసి ఉంటుంది.

శుద్ధమైన గ్రాఫీన్ గాని, నానోనాళిక గాని నీటిలో కలవదు. పొరలూ నాళికలూ ఒకదానికొకటి అంటుకొని ముద్దలు కడతాయి. వాటిని నీటిలో నిలపడానికైనా, ఔషధ అణువునో లోహకణాన్నో వాటికి తగిలించడానికైనా ముందు ఉపరితలాన్ని మార్చాలి. ఇందుకు ఎక్కువగా అనుసరించిన మార్గం ఆక్సీకరణం. గాఢ నైట్రిక్ ఆమ్లం, సల్ఫ్యూరిక్ ఆమ్లం, పొటాషియం పర్మాంగనేట్ వంటివి కార్బన్ జాలకంపై కార్బాక్సిల్, హైడ్రాక్సిల్, ఎపాక్సైడ్, కార్బొనిల్ సమూహాలను ఏర్పరుస్తాయి.

ఇలా మారిన పదార్థం గురించి విశ్లేషకుడు మూడు ప్రశ్నలు వేసుకుంటాడు: ఏ సమూహాలు ఉన్నాయి? ఎన్ని ఉన్నాయి? ఎక్కడ ఉన్నాయి? ఈ మూడింటికీ ముందుగా వేయవలసిన నాలుగో ప్రశ్న ఒకటుంది. ఆ సమూహాలు నిజంగా ఆ పొరకో నాళికకో బంధితమై ఉన్నాయా, లేక దానికి అంటుకొని ఉన్న వేరే పదార్థానివా? ఈ రంగ చరిత్రలో అతి ఆలస్యంగా అడిగిన ప్రశ్న ఇదే కావడం గమనార్హం.

2. బ్రోడీ 'గ్రాఫిక్ ఆమ్లం'

ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్ర ఆచార్యుడైన బెంజమిన్ కాలిన్స్ బ్రోడీ 1859లో గ్రాఫైట్ పరమాణు భారం గురించి ఒక పరిశోధనపత్రం ప్రచురించాడు. గ్రాఫైట్‌ను పొటాషియం క్లోరేట్, ధూమాయమాన నైట్రిక్ ఆమ్లాలతో కలిపి 60 డిగ్రీల సెల్సియస్ వద్ద మూడు నాలుగు రోజులు ఉంచి, కడిగి, ఆరబెట్టి, మళ్లీ అదే చర్యకు గురిచేశాడు. సంఘటనంలో ఇక మార్పు కనిపించని దశ వరకు ఈ క్రమాన్ని కొనసాగించాడు. చివరికి లేత పసుపు రంగు పదార్థం లభించింది. అందులో 61.04 శాతం కార్బన్, 1.85 శాతం హైడ్రోజన్, 37.11 శాతం ఆక్సిజన్ ఉన్నట్లు విశ్లేషణలో తేలింది. అది శుద్ధజలంలోను, క్షారజలంలోను విస్తరిస్తుంది కాని ఆమ్లజలంలో విస్తరించదు. అందువల్ల బ్రోడీ దానికి 'గ్రాఫిక్ ఆమ్లం' అని పేరు పెట్టాడు.

ఈ అంకెల నుండి బ్రోడీ చేసిన నిర్ధారణ ఆసక్తికరమైనది. కార్బన్ పరమాణు భారం 12గా తీసుకుంటే ఈ సమ్మేళనంలో 11 కార్బన్, 4 హైడ్రోజన్, 5 ఆక్సిజన్ పరమాణువులు ఉన్నట్లు లెక్క వస్తుంది. పదకొండు కార్బన్ పరమాణువుల భారం 132. దానిని నాలుగుతో భాగిస్తే 33 వస్తుంది. గ్రాఫైట్‌లోని కార్బన్ సాధారణ కార్బన్ కాదని, 33 పరమాణు భారం గల 'గ్రాఫాన్' అనే ప్రత్యేక రూపమని బ్రోడీ ప్రతిపాదించాడు. సిలికాన్ సమ్మేళనాలతో పోలిక ఈ ఊహకు ఆసరా అయింది. ఆనాటి భౌతిక ప్రమాణం కూడా దీనికి అనుకూలంగానే కనిపిస్తుంది. డ్యులాంగ్-పెటిట్ నియమం ప్రకారం ఘనమూలకం విశిష్టోష్ణాన్ని పరమాణు భారంతో గుణిస్తే సుమారు 6.4 రావాలి. గ్రాఫైట్ విశిష్టోష్ణం సుమారు 0.2. దానిని 12తో గుణిస్తే 2.4 మాత్రమే వస్తుంది, 33తో గుణిస్తే 6.6 వస్తుంది.

గ్రాఫాన్ అనే మూలక రూపం లేదని తరువాత తేలింది. డ్యులాంగ్-పెటిట్ నియమాన్ని గది ఉష్ణోగ్రత వద్ద కార్బన్ ఎందుకు పాటించదో ఇరవయ్యో శతాబ్దపు క్వాంటం సిద్ధాంతం వివరించింది. అయితే బ్రోడీ ప్రయోగంలో లోపం లేదు. ఆయన విధానంలో నేటికీ గ్రాఫైట్ ఆక్సైడ్ తయారవుతుంది. లోపం ఒక ఊహలో ఉంది. సంఘటనం మారకుండా నిలిచిపోతే, లభించినది నిర్దిష్ట సూత్రం గల ఒకే శుద్ధ సమ్మేళనమని ఆయన భావించాడు. ఈ ఊహ బ్రోడీతో ముగియలేదు. తరువాతి ఒకటిన్నర శతాబ్దంలో అది రకరకాల రూపాలలో తిరిగి కనిపిస్తుంది.

1898లో ఎల్. స్టాడెన్‌మైర్ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని చేర్చి, క్లోరేట్‌ను విడతలుగా కలిపి ఈ ప్రక్రియను సులభతరం చేశాడు. అయినా క్లోరేట్ నుండి వెలువడే క్లోరిన్ డయాక్సైడ్ విస్ఫోటక స్వభావం గల వాయువు. 1958లో హమ్మర్స్, ఆఫ్‌మన్ క్లోరేట్‌ను పూర్తిగా వదలిపెట్టి సల్ఫ్యూరిక్ ఆమ్లం, సోడియం నైట్రేట్, పొటాషియం పర్మాంగనేట్‌లతో 45 డిగ్రీల లోపు ఉష్ణోగ్రత వద్ద రెండు గంటలకు మించని ప్రక్రియను రూపొందించారు. మూడు విధానాల ఉత్పన్నాలనూ గ్రాఫైట్ ఆక్సైడ్ అనే పిలుస్తున్నా, వాటి ఉపరితలాలు ఒకటి కావు. హమ్మర్స్ ఉత్పన్నంలో సల్ఫర్ సమూహాలు మిగలడం అందుకు ఒక నిదర్శనం. ఒకే పేరు కింద భిన్న పదార్థాలు చలామణీ కావడం తరువాతి వివాదాలకు ఒక కారణమైంది.

3. అంశమాపనం: బోహ్మ్ పద్ధతి

ఇరవయ్యో శతాబ్దం పూర్వార్ధంలో గ్రాఫైట్ ఆక్సైడ్‌కు ఒకదాని తరువాత ఒకటిగా నిర్మాణ నమూనాలు వెలువడ్డాయి. 1939లో హాఫ్‌మన్, హోల్స్ట్ ఆక్సిజన్ అంతా ఎపాక్సైడ్ రూపంలో ఉందన్నారు. ఆ నమూనాలో హైడ్రోజన్‌కు చోటు లేదు. 1946లో రూయెస్ హైడ్రాక్సిల్ సమూహాలను చేర్చాడు. ఈ నమూనాలకు ఆధారం మూలక విశ్లేషణ, ఎక్స్-కిరణ వివర్తనం. అవి సగటు సంఘటనాన్ని, పొరల మధ్య దూరాన్ని చెప్పగలవు కాని ఏ ఆక్సిజన్ ఏ సమూహానికి చెందినదో చెప్పలేవు.

ఈ పరిమితిని దాటే మార్గాన్ని జర్మన్ రసాయనవేత్త హాన్స్-పీటర్ బోహ్మ్ చూపాడు. 1962లో గ్రాఫైట్ ఆక్సైడ్‌ను క్షయకరించి అత్యంత పలుచని కార్బన్ పొరలను తయారుచేసి, వాటిలో కొన్ని ఒంటిపొరలని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని సహాయంతో వాదించినవాడూ ఆయనే. 1986లో సెట్టన్, స్టంప్‌లతో కలిసి 'గ్రాఫీన్' అనే పదాన్ని ప్రతిపాదించాడు. ఉపరితల విశ్లేషణకు ఆయన ఇచ్చిన పద్ధతి మాత్రం బ్యూరెట్, శంకుకుప్పెలతో సాధ్యమయ్యేది.

ఈ పద్ధతి వెనుక తర్కం సరళమైనది. ఉపరితలంపై ఉన్న ఆమ్ల సమూహాల బలం ఒకటి కాదు. కార్బాక్సిలిక్ సమూహం బలమైనది, లాక్టోన్ అంతకంటే బలహీనం, ఫినాల్ మరింత బలహీనం. సోడియం బైకార్బొనేట్ కార్బాక్సిలిక్ సమూహాలను మాత్రమే తటస్థీకరిస్తుంది. సోడియం కార్బొనేట్ వాటితోపాటు లాక్టోన్లను, సోడియం హైడ్రాక్సైడ్ ఈ రెండింటితోపాటు ఫినాల్‌లను తటస్థీకరిస్తాయి. కార్బొనిల్ సమూహాల కోసం సోడియం ఇథాక్సైడ్ వాడతారు. తూచిన కార్బన్ నమూనాలను ఈ ద్రావణాలలో వేర్వేరుగా ఉంచి, ఖర్చుకాగా మిగిలిన క్షారాన్ని ఆమ్లంతో అంశమాపనం చేసి, ఫలితాలను ఒకదానినుండి ఒకటి తీసివేస్తే ఒక్కో రకం సమూహం పరిమాణం తెలుస్తుంది.

ఈ తీసివేతలోనే ఇబ్బంది కూడా ఉంది. రెండు పెద్ద సంఖ్యల మధ్య చిన్న భేదాన్ని ఫలితంగా తీసుకున్నప్పుడు రెండింటిలోని దోషాలు ఆ చిన్న సంఖ్యకు సంక్రమిస్తాయి. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ క్షారద్రావణంలో కరిగి ఫలితాన్ని మార్చివేస్తుంది. దానిని తొలగించే తీరులోను, అంత్యబిందువును నిర్ణయించే తీరులోను ప్రయోగశాలల మధ్య ఏకరూపత లేకపోయింది. కెనడాలోని డల్‌హౌసీ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ అంశాలను క్రమపద్ధతిలో పరిశీలించి ప్రామాణీకరణ సూచనలు ప్రచురించినది 2010లో. అంటే పద్ధతి వాడుకలోకి వచ్చిన సుమారు నలభై అయిదేళ్ల తరువాత.

ఇదే కాలంలో భారతదేశంలోనూ ఈ రంగంలో గణనీయమైన కృషి జరిగింది. చండీగఢ్‌లోని పంజాబ్ విశ్వవిద్యాలయంలో బల్వంత్ రాయ్ పూరి, ఆర్. సి. బన్సల్ తదితరులు కార్బన్‌ను శూన్యంలో వేడిచేసి వెలువడే వాయువులను కొలిచారు. కార్బన్ డయాక్సైడ్‌గా వెలువడే ఆక్సిజన్, కార్బన్ మోనాక్సైడ్‌గా వెలువడే ఆక్సిజన్ వేర్వేరు ఉపరితల సంక్లిష్టాలకు చెందినవని, క్షారాన్ని తటస్థీకరించే సామర్థ్యం మొదటిదానికి అనుగుణంగా ఉంటుందని వారు చూపారు. బోహ్మ్ సమూహాలను వాటి ఆమ్లబలంతో గుర్తిస్తే, పూరి బృందం అవి విచ్ఛిన్నమైనప్పుడు వెలువడే వాయువుతో గుర్తించింది. ఈ రెండో మార్గమే ఉష్ణోగ్రతను క్రమంగా పెంచుతూ వెలువడే వాయువులను నమోదుచేసే నేటి విశోషణ పద్ధతిగా విస్తరించింది. అందులో కార్బాక్సిలిక్ సమూహాలు తక్కువ ఉష్ణోగ్రతల వద్దనే కార్బన్ డయాక్సైడ్‌గా, ఫినాల్, క్వినోన్ వంటివి 600 డిగ్రీలు దాటాక కార్బన్ మోనాక్సైడ్‌గా వెలువడతాయి. అయితే కొలిచే క్రమంలోనే ఉపరితలం నాశనమవుతుంది. వెలువడే వాయువు మార్గమధ్యంలో మరో స్థానంతో చర్య జరిపితే ఆ ఫలితం వేరొక సమూహం ఖాతాలో పడుతుంది.

4. వర్ణపటాల సాక్ష్యం

క్షారంతో గాని, వేడితో గాని నమూనాను మార్చకుండానే ఉపరితలాన్ని చదవవచ్చునన్న ఆశను వర్ణపట పద్ధతులు కల్పించాయి. వాటిలో కార్బన్ పదార్థాలకు అత్యంత సన్నిహితమైనది రామన్ వర్ణపటం. 1928లో సి. వి. రామన్ కలకత్తాలో ఆవిష్కరించిన ఈ ప్రభావాన్ని కార్బన్‌కు అన్వయించడంలో తొలి అడుగులు భారతీయులవే. 1930లో సి. రామస్వామి, సూరి భగవంతం వజ్రం రామన్ వర్ణపటంపై పరిశీలనలు ప్రచురించారు. వజ్రానికి గుర్తుగా నేడు చెప్పే 1332 తరంగసంఖ్య రేఖ అప్పుడే వెలుగులోకి వచ్చింది. భగవంతం తరువాత వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో టి. వెంకటరాయుడుతో కలిసి సమూహ సిద్ధాంతాన్ని భౌతిక సమస్యలకు అన్వయించే గ్రంథం రచించారు. 1948లో విశ్వవిద్యాలయమే దానిని ప్రచురించింది. స్ఫటిక సౌష్ఠవాన్ని బట్టి ఏ కంపనం రామన్ వర్ణపటంలో కనిపించాలో, ఏది కనిపించకూడదో నిర్ణయించే విధానం అందులో ఉంది.

ఈ 'కనిపించకూడని' రేఖ గ్రాఫైట్ విషయంలో ముఖ్యమైంది. 1970లో ట్యూన్‌స్ట్రా, కోనిగ్ గ్రాఫైట్ ఏకస్ఫటికంలో 1575 తరంగసంఖ్య వద్ద ఒకే రేఖ ఉందని, చిన్న స్ఫటికాలతో కూడిన కార్బన్‌లలో 1355 వద్ద మరో రేఖ కూడా వస్తుందని గమనించారు. సంపూర్ణ జాలకంలో సౌష్ఠవ నియమం ఈ రెండో రేఖను నిషేధిస్తుంది. జాలకం ఎక్కడ తెగితే అక్కడ ఆ నిషేధం సడలుతుంది. రెండు రేఖల తీవ్రతల నిష్పత్తి స్ఫటిక పరిమాణానికి విలోమానుపాతంలో ఉంటుందని వారు చూపారు. నానోపదార్థాల యుగంలో ఈ నిష్పత్తినే 'రూపాంతరం ఎంత జరిగింది' అనడానికి కొలమానంగా విరివిగా వాడారు. కాని ఈ నిష్పత్తి జాలకంలోని క్రమరాహిత్యాన్ని మాత్రమే తెలుపుతుంది. ఆ క్రమభంగానికి కారణం కార్బాక్సిల్ సమూహమో, ఖాళీ స్థానమో, పొర అంచో అది చెప్పలేదు. పైగా క్రమరాహిత్యం మితిమీరితే నిష్పత్తి పెరగడం మాని తగ్గుతుందని 2000లో ఫెరారీ, రాబర్ట్‌సన్ వివరించారు. ఒకే నిష్పత్తి రెండు భిన్న స్థితులను సూచించగలదన్నమాట.

రెండో పద్ధతి ఎక్స్-కిరణ ఫోటోఎలక్ట్రాన్ వర్ణపటశాస్త్రం. స్వీడన్‌లోని ఉప్సలాలో కై సీగ్‌బాన్ దీనిని అభివృద్ధి చేసి 1981లో నోబెల్ బహుమతి పొందాడు. ఎక్స్-కిరణం పడినప్పుడు వెలువడే ఎలక్ట్రాన్ శక్తిని కొలిచి, పరమాణువులో దాని బంధనశక్తిని లెక్కిస్తారు. చుట్టూ ఉన్న పరమాణువులను బట్టి ఆ విలువ కొద్దిగా జరుగుతుంది. ఇథైల్ ట్రైఫ్లోరోఅసిటేట్ అణువులోని నాలుగు కార్బన్‌లు నాలుగు వేర్వేరు శిఖరాలుగా కనిపించడం ఈ పద్ధతికి ప్రసిద్ధ ఉదాహరణ. ఎలక్ట్రాన్‌లు పైనున్న కొద్ది నానోమీటర్ల లోతు నుండి మాత్రమే బయటికి రాగలవు కాబట్టి ఇది సహజంగానే ఉపరితల పద్ధతి.

ఆక్సీకృత కార్బన్‌పై ఈ స్పష్టత నిలవదు. గ్రాఫైట్ వంటి జాలకంలోని కార్బన్ 284.5 ఎలక్ట్రాన్ వోల్టుల వద్ద, ఒక ఆక్సిజన్‌తో ఏకబంధం గలది 286 పరిసరాలలో, కార్బొనిల్ 287-288 మధ్య, కార్బాక్సిల్ 289 పరిసరాలలో కనిపిస్తాయని సాధారణంగా చెబుతారు. ఇవన్నీ ఒకే విశాలమైన శిఖరంలో కలిసిపోయి వస్తాయి. దానిని విశ్లేషకుడే గణితపరంగా విడదీయాలి. ఎన్ని శిఖరాలుగా, ఎంత వెడల్పుతో విడదీయాలన్నది కొంతవరకు అతని నిర్ణయం. పైగా వాహకత్వం గల గ్రాఫైట్ శిఖరం స్వతహాగానే అధిక బంధనశక్తి వైపు సాగి ఉంటుంది. ఆ తోకను సౌష్ఠవ శిఖరంతో సరిపుచ్చబోతే లేని ఆక్సిజన్ సమూహాలు ఉన్నట్లు లెక్క తేలుతుంది.

శక్తి అక్షాన్ని సరిచేయడంలో మరో చిక్కు ఉంది. గాలిలో ఉన్న ప్రతి వస్తువుపైనా హైడ్రోకార్బన్‌ల పలుచని పొర చేరుతుంది. ఆ కార్బన్ శిఖరాన్ని 284.8 వద్ద ఉంచి మిగిలిన శిఖరాలను సర్దడం దీర్ఘకాలంగా ఆచారం. ఆ శిఖరం అన్ని పదార్థాలపైనా ఒకే స్థానంలో ఉండదని, కాబట్టి ఈ ఆచారం నమ్మదగినది కాదని 2017లో గ్రెచిన్‌స్కీ, హల్ట్‌మన్ చూపారు. నమూనాయే కార్బన్ అయినప్పుడు అంటుకున్న కార్బన్‌ను నమూనా కార్బన్ నుండి వేరుచేసి గుర్తించడం మరింత కష్టం. ఈ అస్పష్టతను దాటడానికి 2006లో ఫెయిర్‌బ్రదర్ బృందం ఫ్లోరిన్ గల కారకాలను వాడింది. హైడ్రాక్సిల్‌కు ఒకటి, కార్బాక్సిల్‌కు ఒకటి, కార్బొనిల్‌కు ఒకటి చొప్పున తగిలించి, కలగలిసిన కార్బన్ శిఖరానికి బదులు విడిగా నిలిచే ఫ్లోరిన్ శిఖరాన్ని లెక్కించారు. బోహ్మ్ తర్కమే ఇక్కడ మరో రూపంలో తిరిగి వచ్చింది. పరికరం ఒంటరిగా చెప్పలేనిదాన్ని ఎంపికచేసిన రసాయన చర్య చెప్పించింది.

మూడో సాక్ష్యం ఘనస్థితి కేంద్రక అయస్కాంత అనునాదం. 1998లో లెర్ఫ్, క్లినోవ్‌స్కీ తదితరులు గ్రాఫైట్ ఆక్సైడ్ వర్ణపటంలోని 60, 70, 130 పి.పి.ఎం. పరిసర శిఖరాలను వరుసగా ఎపాక్సైడ్, హైడ్రాక్సిల్, ద్విబంధ కార్బన్‌లకు ఆపాదించి, నేటికీ పాఠ్యగ్రంథాలలో కనిపించే నమూనాను ప్రతిపాదించారు. అందులో పొర మధ్యభాగంలో ఎపాక్సైడ్, హైడ్రాక్సిల్ సమూహాలు, అంచులలో కార్బాక్సిల్ సమూహాలు ఉంటాయి. ప్రకృతిలోని కార్బన్‌లో ఈ పద్ధతికి స్పందించే కార్బన్-13 కేవలం 1.1 శాతం. 2008లో రూఫ్, ఇషీ బృందాలు కార్బన్-13తో నింపిన గ్రాఫైట్ ఆక్సైడ్‌ను తయారుచేసి, ఆ సమూహాల కార్బన్‌లు ఒకదానికొకటి నేరుగా బంధితమై ఉన్నాయని చూపారు. ఇంతటితో నిర్మాణ సమస్య ఒక కొలిక్కి వచ్చినట్లు కనిపించింది.

5. నానోనాళికలు: బంధితమైనదా, అంటుకున్నదా?

1991లో సుమియో ఇజిమా పరిశోధనపత్రం తరువాత కార్బన్ నానోనాళికలపై ప్రపంచవ్యాప్తంగా పరిశోధన ఊపందుకుంది. 1998లో స్మాలీ బృందం నాళికలను సల్ఫ్యూరిక్, నైట్రిక్ ఆమ్లాల మిశ్రమంలో అతిధ్వని సహాయంతో పొట్టివిగా కత్తిరించి, కొనలపై ఏర్పడిన కార్బాక్సిల్ సమూహాల ద్వారా బంగారు కణాలను తగిలించింది. అదే ఏడాది హాడన్ బృందం పొడవైన అమీన్ అణువులను తగిలించి నాళికలను కర్బన ద్రావణులలో కరిగించింది. ఆమ్లంలో మరిగించడం, వడపోయడం, తటస్థత వచ్చేవరకు నీటితో కడగడం, పరారుణ వర్ణపటంలో కార్బొనిల్ పట్టీని చూపడం అప్పటినుండి పరిశోధనపత్రాలలో పరిపాటి అయ్యాయి.

ఈ క్రమంలో ఎవరూ పెద్దగా పట్టించుకోనిది నీటితో కడగడమనే దశ. 2007లో రెండు బృందాలు విడివిడిగా దానిపై దృష్టి సారించాయి. ఆక్స్‌ఫర్డ్‌లో మాల్కం గ్రీన్, సాల్జ్‌మన్ తదితరులు నైట్రిక్ ఆమ్లంతో శుద్ధిచేసిన ఒంటిగోడ నాళికలను, లండన్ ఇంపీరియల్ కళాశాలలో షాఫర్ బృందం బహుగోడ నాళికలను నీటికి బదులు సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంతో కడిగారు. వడపోతలో గోధుమరంగు ద్రవం దిగింది. ఆమ్లం నాళికలను, వాటితోపాటు ఉన్న అస్ఫటిక కార్బన్‌ను దాడిచేసినప్పుడు ఏర్పడిన చిన్న చిన్న బహువలయ ముక్కలు అందులో ఉన్నాయి. వాటి అంచుల నిండా కార్బాక్సిల్ సమూహాలున్నాయి. ఇన్నాళ్లూ నాళికకు చెందినవనుకున్న కార్బాక్సిల్ సంకేతాలలో చాలాభాగం వీటివే. ఆమ్లజలంలో ఈ శకలాలు కరగవు. నాళిక గోడకు గట్టిగా అంటిపెట్టుకొని ఉండటం వల్ల మామూలు నీటితో ఎంత కడిగినా పోవు. క్షారంలో మాత్రం అయనీకరణం చెంది విడిపోతాయి.

ఈ ఫలితం అంతకుముందు కొలతలన్నింటి అర్థాన్నీ మార్చింది. అంశమాపనం కార్బాక్సిల్ సమూహాలను సరిగానే లెక్కించింది, ఫోటోఎలక్ట్రాన్ వర్ణపటం వాటిని సరిగానే చూపింది, పరారుణ వర్ణపటం కూడా అబద్ధమాడలేదు. అన్ని పద్ధతులూ ఏకీభవించాయి. అయినా అవి చెప్పిన సమూహాలు నాళికవి కావు. నాలుగు సాక్ష్యాలు కలవడం వల్ల నిర్ధారణ బలపడుతుందన్నది సాధారణ న్యాయం. నమూనాయే మిశ్రమమైనప్పుడు ఆ న్యాయం చెల్లదు. అటువంటి శకలాలకు ఔషధ అణువును తగిలిస్తే అది నాళికకు తగిలినట్లు కాదు. శరీరంలోని క్షారగుణం గల ద్రవాలలో నాళిక ఒకవైపు, ఔషధం మరొకవైపు పోయే అవకాశం ఉంది.

6. గ్రాఫీన్ ఆక్సైడ్ వివాదం

2011లో వార్విక్ విశ్వవిద్యాలయానికి చెందిన రూర్క్, విల్సన్ తదితరులు ఇదే పరీక్షను గ్రాఫీన్ ఆక్సైడ్‌కు వర్తింపజేశారు. గ్రాఫీన్ ఆక్సైడ్ ద్రావణాన్ని క్షారంతో వేడిచేసి అపకేంద్ర యంత్రంలో తిప్పగా అది రెండుగా విడిపోయింది. అడుగున నల్లని పొరలు చేరాయి. వాటిలో ఆక్సిజన్ తక్కువ, అవి నీటిలో సులభంగా విస్తరించవు. పైనున్న ద్రవంలో అధికంగా ఆక్సీకరణం చెందిన శకలాలు మిగిలాయి. మొత్తం ద్రవ్యరాశిలో వాటి వంతు సుమారు మూడో భాగం. అసలు గ్రాఫీన్ ఆక్సైడ్ అంటే స్వల్పంగా ఆక్సీకరణం చెందిన పొర మాత్రమేనని, నీటిలో విస్తరించే గుణం దానికి అంటుకున్న శకలాలదని వారు ప్రతిపాదించారు. బ్రోడీ దానిని ఆమ్లమని పిలవడానికి కారణమైన గుణమే పొరది కాదన్నమాట.

ఈ ప్రతిపాదనకు బలమైన ప్రతివాదం ఎదురైంది. క్షారం కేవలం అంటుకున్నదాన్ని కడిగివేసే నిష్క్రియ ద్రవం కాదు. గ్రాఫీన్ ఆక్సైడ్ క్షారద్రావణంలో వేగంగా ఆక్సిజన్‌ను కోల్పోతుందని 2008లోనే ఫాన్ తదితరులు చూపారు. 2013లో డిమియెవ్, అలెమనీ, టూర్ మరింత మౌలికమైన వాదన చేశారు. గ్రాఫీన్ ఆక్సైడ్ ఆమ్లత్వమంతా ముందుగానే దానిపై ఉన్న సమూహాలది కాదని, నీటితో జరిగే నిరంతర చర్యలో కార్బన్-కార్బన్ బంధాలు తెగుతూ కొత్త ఆమ్ల సమూహాలు పుడుతూ ఉంటాయని వారు చెప్పారు. 2015లో డిమియెవ్, పోల్సన్ 'రెండు భాగాల' నమూనాను నేరుగా ఖండించారు. వారి దృష్టిలో శకలాలు ముందునుండి అంటుకొని ఉన్నవి కావు, క్షారం పొరను కొరికినప్పుడు ఏర్పడినవి.

ఈ వాదప్రతివాదాలలో రసాయన విశ్లేషణకు సంబంధించిన ఒక మౌలిక సమస్య ఉంది. అదే సోడియం హైడ్రాక్సైడ్ బోహ్మ్ పద్ధతిలో కొలిచే కారకం, గ్రీన్, రూర్క్ ప్రయోగాలలో శుభ్రపరిచే ద్రవం, డిమియెవ్ వాదనలో పదార్థాన్ని విచ్ఛిన్నం చేసే కారకం. మూడో అభిప్రాయం గ్రాఫీన్ ఆక్సైడ్ విషయంలో నిజమైతే, బోహ్మ్ అంశమాపనంలో ఖర్చయిన క్షారం అంతకుముందు లేని సమూహాలను కూడా లెక్కించి ఉంటుంది. ఎక్స్-కిరణాల తాకిడికి కూడా గ్రాఫీన్ ఆక్సైడ్ కొంత క్షయకరణం చెందుతుంది. ఏ తాకిడీ లేకుండా గది ఉష్ణోగ్రత వద్ద ఉంచినా దాని పొరల రసాయన స్వభావం సుమారు నెలరోజులలో మారి స్థిరపడుతుందని 2012లో కిమ్, రియెడో తదితరులు నివేదించారు. కాబట్టి తయారైన తేదీ, నిల్వచేసిన కాలం పేర్కొనని ఫలితం అసంపూర్ణమే.

రెండు పక్షాలనూ ఒకే గాటన కట్టడం సరికాదు. నానోనాళికలలో ఆక్సీకరణ శకలాల ఉనికికి ఆధారాలు బలమైనవి. నాళిక గోడ దృఢమైనది, సజల క్షారంలో కడిగినంత మాత్రాన అది తెగదు. గ్రాఫీన్ ఆక్సైడ్ పొర స్వయంగా చర్యాశీలమైనది. అక్కడ కడగడమూ చర్య జరపడమూ విడదీయరానివి. ఒక పదార్థంపై నిరూపితమైన భావనను మరోదానికి వర్తింపజేసేటప్పుడు పరీక్ష కూడా మారవలసి ఉంటుందన్నది ఈ వివాదం నేర్పిన పాఠం.

7. తప్పుగా ఆపాదించిన గుణాలు

ఉపరితలం గురించిన ఈ చర్చకు ప్రయోగశాల వెలుపల కూడా పర్యవసానాలున్నాయి. 2004లో ఈవా ఓబర్‌డోర్‌స్టర్ నీటిలో విస్తరింపజేసిన ఫుల్లరీన్ కణాలు లార్జ్‌మౌత్ బాస్ జాతి చేపల మెదడులో ఆక్సీకరణ ఒత్తిడి కలిగించాయని నివేదించింది. ఆ కణాలను నీటిలోకి తేవడానికి టెట్రాహైడ్రోఫ్యూరాన్ అనే ద్రావణిని వాడారు. 2007లో హెన్రీ తదితరులు జీబ్రాచేపల పిల్లలపై జరిపిన ప్రయోగాలలో అటువంటి విస్తరణల విషగుణం ఫుల్లరీన్‌ది కాదని, ఆ ద్రావణి విచ్ఛిన్న ఉత్పన్నాలదని తేలింది. అంతకు ఏడాది ముందు, 2006లో కాంప్టన్ బృందం నానోనాళికల విద్యుత్ ఉత్ప్రేరక గుణాలుగా భావించిన కొన్నింటికి వాటిలో మిగిలిన లోహ మలినాలే కారణమని చూపింది. 2020లో పుమేరా బృందం గ్రాఫీన్‌కు పక్షిరెట్టను చేర్చి, దాని ఉత్ప్రేరక గుణం మెరుగుపడిందని చూపింది. ఏ మూలకాన్ని చేర్చినా 'మెరుగుపడింది' అని ప్రకటించే ధోరణిపై అది వ్యంగ్యంతో కూడిన నిజమైన ప్రయోగం.

ఈ మూడింటిలోనూ శకలాల కథే కనిపిస్తుంది. కొలిచిన గుణం నిజమైనదే, దానిని ఆపాదించిన వస్తువు తప్పు. చేపకు హాని జరిగిందా లేదా అన్నది ఒక ప్రశ్న, ఏ పదార్థం వల్ల జరిగిందన్నది వేరొక ప్రశ్న. నియంత్రణ నిబంధనలు రూపొందించేవారికి, ఔషధ వాహకాలను తయారుచేసేవారికి రెండో ప్రశ్నకే సమాధానం కావాలి.

8. ముగింపు

పై చారిత్రక పరిశీలన నుండి కింది అంశాలు తేలుతున్నాయి.

1. బ్రోడీ 'గ్రాఫాన్' నుండి ఆక్సీకరణ శకలాల వివాదం వరకు ప్రధాన పొరపాట్లు కొలతలో కంటే, కొలిచిన నమూనా ఒకే పదార్థమన్న ఊహలో ఎక్కువగా ఉన్నాయి.

2. అంశమాపనం ఆమ్లబలాన్ని, ఉష్ణ విశోషణం వెలువడే వాయువును, రామన్ వర్ణపటం జాలక క్రమాన్ని, ఫోటోఎలక్ట్రాన్ వర్ణపటం బంధనశక్తిని తెలుపుతాయి. వీటిలో ఏదీ సమూహం చిరునామాను నేరుగా తెలుపదు.

3. వేర్వేరు పద్ధతుల ఫలితాలు ఏకీభవించడం నమూనా శుద్ధతకు ప్రమాణం కాదు. నాళికల విషయంలో ఏకీభవించిన సాక్ష్యాలన్నీ కలిసి శకలాలనే వర్ణించాయి.

4. విశ్లేషణ కారకం పదార్థాన్ని మార్చగలదు. కాబట్టి కొలతకు ముందూ తరువాతా పదార్థం అదేనా అన్న పరీక్ష కొలతలో భాగం కావాలి.

5. తయారీ విధానం, కడిగిన ద్రవం, కడిగిన విధానం, నిల్వ కాలం అనే వివరాలు లేని ఉపరితల ఫలితం మరో ప్రయోగశాలలో పరీక్షించడానికి వీలుకానిది.

ఈ రంగంలో నిర్ణాయకమైన రెండు మలుపులకూ అరుదైన పరికరాలు కారణం కాలేదు. బోహ్మ్ ప్రయోగానికి బ్యూరెట్, శకలాల ఆవిష్కరణకు క్షారద్రావణం, వడపోత సరిపోయాయి. ఖరీదైన వర్ణపటమాపకాలు అందుబాటులో లేని కళాశాల ప్రయోగశాలలకు ఈ చరిత్ర ఇచ్చే భరోసా చిన్నది కాదు. క్షారంతో కడగకముందు ఒకసారి, కడిగాక ఒకసారి అంశమాపనం చేసి, వడపోతలో దిగిన ద్రవాన్ని పారబోయకుండా దానినీ పరీక్షించడం ఏ విశ్లేషణ రసాయనశాస్త్ర ప్రయోగశాలలోనైనా సాధ్యమే. ఒకటిన్నర శతాబ్దం పాటు పరిశోధకులు వడపోత కాగితంపై మిగిలినదాన్నే చూశారు. కార్బన్ ఉపరితలం గురించి తెలియవలసినదానిలో ముఖ్యమైన భాగం ఆ కాగితం గుండా కిందికి దిగిన ద్రవంలో ఉంది.